నాలుగో అడుగు

పోయిన ఆదివారం మా పేట బడి మైదానంలో పిల్లల ఆటల పోటీలు పెట్టి, బహుమతులు ఇవ్వడానికి రమ్మంటే వెళ్లాను. బాలికల 80 మీటర్ల హర్డిల్స్ అయ్యాక మూడు మెట్ల చెక్కబల్ల తెచ్చి నిలబెట్టారు. ముగ్గురమ్మాయిలు ఎక్కారు. నాలుగో అమ్మాయి బల్ల పక్కనే నిలబడి, మెడలో పతకం వేయించుకుంటున్న స్నేహితురాలి వాటర్ బాటిల్ పట్టుకుని ఉంది. మూడో పిల్లకూ ఈ పిల్లకూ మధ్య జానెడు తేడా లేదు, నా కళ్లతో నేను చూశాను. పళ్లెంలోకి చూస్తే మూడే పతకాలు. “నాలుగో అమ్మాయికి ఏమీ లేదా అండీ?” అని అడిగాను. “మూడు వరకే అండీ” అన్నారు. ఇల్లు చేరేదాకా ఆ మాట నన్ను కొరుకుతూనే ఉంది.

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు నా పాత గొడవ తెలుసు. నాకు పతకాల పట్టిక గిట్టదు. మూడో పేరు దగ్గర గీత కొట్టేసి, దాని కిందున్న మనుషుల్ని చీకట్లోకి నెట్టేసే లెక్క అది. ప్రతి ఒలింపిక్స్‌కూ ఇదే రాస్తాను, ప్రతిసారీ మీరు ఓపిగ్గా చదువుతారు. ఈసారి నా తరఫున ఒక సాక్షిని తెచ్చాను. పేరు కైరన్ మెక్‌మాస్టర్.

2021 ఆగస్టు 3, టోక్యో. మగవాళ్ల 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. నార్వే కుర్రాడు కార్స్టెన్ వార్‌హోమ్ 45.94 సెకన్లలో గీత దాటి, గడియారం చూసి నమ్మలేక బనీను చించుకున్న పరుగు చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండోవాడు అమెరికన్ రాయ్ బెంజమిన్, 46.17. అతనూ పాత ప్రపంచ రికార్డు కన్నా ముందే వచ్చాడు. మూడు, బ్రెజిల్ కుర్రాడు అలిసన్ దోస్ శాంటోస్, 46.72. ఆ తర్వాత నాలుగోవాడు 47.08. కెమెరా అతని వైపు తిరగనే లేదు.

ఆ రాత్రి కాగితం పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. 47.08 అంటే ఎంత? 1976లో ఎడ్విన్ మోజెస్ స్వర్ణం గెలిచింది 47.63లో. 1988 సియోల్‌లో ఆంద్రే ఫిలిప్స్ 47.19. 2008 బీజింగ్‌లో ఏంజెలో టేలర్ 47.25. 2016 రియోలో కెరన్ క్లెమెంట్ 47.73. టోక్యోకు ముందు జరిగిన ఒలింపిక్ ఫైనల్స్‌లో ఒక్క 1992 బార్సిలోనా తప్ప మరెక్కడ పరుగెత్తినా ఆ సమయానికి స్వర్ణమే. టోక్యోలో మాత్రం అది నాలుగో స్థానం.

మెక్‌మాస్టర్‌ది బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్. కరీబియన్‌లో చిన్నాపెద్దా దీవుల గుంపు. మొత్తం జనాభా 30 వేల పైచిలుకు. మన దగ్గర ఒక మోస్తరు మండలంలో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. బ్రిటన్‌కు చెందిన దీవులే అయినా ఆటల్లో సొంత జెండా, సొంత జట్టు. పెద్ద దీవి పేరు టోర్టోలా. అక్కడి ముఖ్య పట్టణం రోడ్ టౌన్. ఆ దీవులవాళ్లు తొలిసారి వేసవి ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది 1984లో, లాస్ ఏంజెలెస్‌లో.

1984 అన్నాక నేను ఆగలేను.

అప్పటికి నాకు పదిహేడేళ్లు. ఆడవాళ్ల 400 మీటర్ల హర్డిల్స్‌ను ఒలింపిక్స్‌లో పెట్టడం అదే మొదటిసారి. మన పి.టి. ఉష సెమీఫైనల్లో మొదటి స్థానంలో వచ్చింది. ఫైనల్లో ఎవరో ముందే కదిలినందుకు అందర్నీ వెనక్కి పిలిచి మళ్లీ నిలబెట్టారు. మొదటిసారి అద్భుతంగా లేచిన ఉష రెండోసారి కాస్త తడబడింది. 55.42. మూడో స్థానంలోని రుమేనియా అమ్మాయికి 55.41. రేడియో వార్తల్లో ఆ అంకె విని మా నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ మరుసటి వారమే మా డ్రిల్లు మాస్టారు మైదానంలోకి వెదురు బొంగులు మోయించారు. రెండు కర్రల మీద అడ్డంగా ఒక బొంగు, తగిలితే పడిపోయేలా. అలాంటివి పది. గీత నుంచి మొదటిదానికి 45 మీటర్లు, అక్కణ్నుంచి ఒక్కోదానికీ మధ్య 35, ఆఖరిది దాటాక 40. టేపు లేకపోతే తాడు ముళ్లు వేసి కొలిచారు. మేము ఎగరడానికి సిద్ధమయ్యాం. ఆయన ఎగరనివ్వలేదు. పదిహేను రోజులపాటు బొంగులు నేలమీద పెట్టి, మధ్యలో అడుగులే లెక్కపెట్టించారు. “ఎగరడం మేకపిల్లకి కూడా వచ్చురా, అడుగు చెప్పు” అనేవారు.

ఈ విద్య గుట్టంతా ఆ లెక్కలోనే ఉంది. ఆ 35 మీటర్ల మధ్య పదమూడు అడుగులు వేస్తే ప్రతి హర్డిల్ మీదికీ ఒకే కాలు ముందుకొస్తుంది. ఒళ్లు అలిసి అంగ కురచబడి పద్నాలుగో అడుగు పడిందా, రెండో కాలు ముందు పెట్టి దాటాలి. ఆ కాలికి అలవాటు లేకపోతే ఇంకో అడుగు ఇరికించి పదిహేను చెయ్యాలి, అంటే అంగలు నరుక్కోవాలి. అక్కడ పోయిన సెకను మళ్లీ దొరకదు. మోజెస్ మొదటి హర్డిల్ నుంచి ఆఖరిదాని దాకా మధ్యలో పదమూడేసి అడుగులే వేసేవాడు. 1977 నుంచి 1987 దాకా వరసగా 122 పరుగులు ఓడకుండా గెలిచాడంటే ఆ పదమూడే పునాది. బార్సిలోనాలో కెవిన్ యంగ్ పరుగు నడుమ ఆ లెక్కను పన్నెండుకు దించి 46.78 తీశాడు. ఆ రికార్డు దాదాపు 29 ఏళ్లు నిలిచింది. మాలో పదమూడు ఎవరికీ రాలేదు. నాకు పదిహేడు పడేవి. ఏడో బొంగు దగ్గర పద్దెనిమిది. ఆ పద్దెనిమిదో అడుగు పడబోతోందని నాకన్నా ముందు మాస్టారికి తెలిసేది. మైదానం అవతలి నుంచి అరిచేవారు.

మాస్టారి మాట ఎందుకు ఎత్తానంటే మెక్‌మాస్టర్ కథ నడిమధ్యలో కూడా ఒక గురువున్నాడు.

2017లో మెక్‌మాస్టర్‌కు ఇరవై ఏళ్లు. ఆ ఏడాది ప్రపంచంలో అందరికన్నా వేగంగా, 47.80లో పరుగెత్తాడు. ఆగస్టులో లండన్ ప్రపంచ పోటీలకు వెళ్తే హీట్స్‌లోనే అనర్హుడన్నారు. అదే నెల 24న జ్యూరిక్‌లో డైమండ్ లీగ్ ఫైనల్ గెలిచాడు. ఆ తర్వాత పదమూడో రోజున, సెప్టెంబరు 6న, ఇర్మా తుఫాను టోర్టోలా మీద విరుచుకుపడింది. గంటకు దాదాపు 295 కిలోమీటర్ల గాలి. ఉపగ్రహం నుంచి తీసిన ఫొటోల్లో అంతకుముందు పచ్చగా ఉన్న దీవులు మట్టిరంగుకు మారిపోయాయి. 2014 అక్టోబరులో మా విశాఖ మీదుగా హుద్‌హుద్ తుఫాను వెళ్లిన మర్నాడు కైలాసగిరి వైపు చూసినవాళ్లకు ఆ రంగు తెలుసు. కొండకు నిప్పంటించి ఆర్పేసినట్టు ఉంటుంది. చెట్టు నిలబడే ఉంటుంది, ఒక్క ఆకు ఉండదు.

ఇర్మాకు బలైనవాళ్లలో జేవియర్ శామ్యూల్స్ ఒకరు. దీవిలో ఆయన్ని ‘డాగ్’ అని పిలిచేవారు. మెక్‌మాస్టర్‌కు కోచ్ ఆయనే.

ఇరవై ఏళ్ల కుర్రాడు. ఊరు లేదు, అడుగులు లెక్కపెట్టే గొంతు లేదు. ఏడు నెలలు తిరగ్గానే 2018 ఏప్రిల్లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 48.25లో స్వర్ణం గెలిచాడు. కామన్వెల్త్ చరిత్రలో ఆ దీవులకు అదే మొదటి పతకం. మరుసటి ఏడాది దోహా ప్రపంచ పోటీల్లో నాలుగో స్థానం. రెండేళ్లకు టోక్యోలో మళ్లీ నాలుగు. టోక్యో ముగిసిన కొద్దిరోజులకే, ఆగస్టు 19న, మన ఉష గురువు ఓ.ఎం. నంబియార్ కేరళలో కన్నుమూశారు. ఉషను హర్డిల్స్ వైపు తిప్పింది ఆయనే. ఒకే నెలలో రెండు నాలుగో స్థానాలు నా మనసులో పక్కపక్కన చేరాయి, ఇప్పటిదాకా విడిపోలేదు.

ఇంతవరకూ రాసి, నాలుగో మెట్టు ఒకటి కట్టాల్సిందేనని తేల్చుకున్నాను. మాటతో సరిపెట్టుకోకూడదని బుధవారం డాబాగార్డెన్స్ వెళ్లి చిన్న కప్పు ఒకటి కొని, సాయంత్రం బడికి వెళ్లాను. మైదానంలో ఆ అమ్మాయి ఒక్కతే ఉంది. హర్డిల్స్ బయటే ఉన్నాయి.

“ఇదిగో అమ్మా, ఆదివారం నీకు రావాల్సింది” అని కప్పు ఇచ్చాను. చేతులు తుడుచుకుని తీసుకుంది. తిప్పి చూసింది. “ఏ ప్లేసుకి సార్?” అంది. “నాలుగో ప్లేసుకి.” “నాలుగుకి లేదు కదా సార్” అని తిరిగి నా చేతిలో పెట్టింది. ఆ ముఖంలో కోపం లేదు, ఏడుపూ లేదు. నాకు చెయ్యి చాచి పుచ్చుకోవడం తప్పలేదు.

ఆ క్షణంలో ఉష గుర్తొచ్చింది. ఆ సెకనులో నూరోవంతును ఈ నలభై ఏళ్లలో మనం ఎన్నిసార్లు చెప్పుకున్నాం! నేనే ఈ పేజీలో ఎన్నిసార్లు రాశాను! లాస్ ఏంజెలెస్ మరుసటి ఏడాదే జకార్తా ఆసియా చాంపియన్‌షిప్స్‌లో ఆమె ఐదు స్వర్ణాలు గెలిచింది. దాని గురించి నేను ఒక్క వ్యాసం రాయలేదు. ఆ 55.42 ముప్పై తొమ్మిదేళ్లు జాతీయ రికార్డుగా నిలిచింది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విత్యా రామ్‌రాజ్ సరిగ్గా అదే అంకె తీసి సమం చేసేదాకా. విత్యా ఆ అంకెను జాలిపడాల్సినదిగా చూసి ఉంటే అక్కడిదాకా పరుగెత్తేదా? మెక్‌మాస్టర్‌కు ఎవరైనా 47.08 దాదాపు అన్ని ఒలింపిక్స్‌లో స్వర్ణంతో సమానమని చెప్పి ఒక కప్పు చేతిలో పెడితే ఏం చేసుకునేవాడు? 2022 బర్మింగ్‌హామ్‌లో మళ్లీ కామన్వెల్త్ స్వర్ణం. 2023 బుడాపెస్ట్‌లో 47.34, బెంజమిన్ కన్నా ముందు, వార్‌హోమ్ వెనకే, రజతం. ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో ఆ దీవుల తొలి పతకం. నా కాగితం మీది లెక్క నాకు ఊరట, అంతే. అతనికి కావలసింది ఏ హర్డిల్ దగ్గర ఎన్ని అడుగులు పడ్డాయో చూసే కళ్లు. ఆ కళ్లు తుఫానులో పోయాక కూడా అతను పరుగెత్తుతూనే వచ్చాడు.

“ఆదివారం ఎక్కడ పోయిందమ్మా?” అని అడిగాను.

వెంటనే చెప్పింది. “ఆరో హర్డిల్ దాకా మధ్యలో మూడేసి అడుగులే సార్. ఏడోదానికి నాలుగు పడ్డాయి. ఎడమ కాలు రావాల్సిన చోట కుడి కాలు వచ్చింది.” ఏడోదాని దగ్గరికి నడిచి, నేలమీద గుర్తు కూడా చూపించింది. “ఎవరైనా ఇక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది సార్. పరుగెత్తేటప్పుడు నాకు తెలియట్లేదు.”

కప్పు సంచిలో పెట్టి, ఏడో హర్డిల్ పక్కన నిలబడ్డాను. ఆమె గీత దగ్గరికి వెళ్లింది. వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

“నాలుగేనమ్మా” అన్నాను. తలూపి మళ్లీ గీత వైపు నడిచింది.