ఊషరక్షేత్ర ఛాయాచిత్రములు: శూన్యతయు ధ్వనియు

ప్రబంధలక్షణమును చెప్పిన ఆలంకారికులు అష్టాదశ వర్ణనలను లెక్కించిరి. నగరము, సముద్రము, పర్వతము, ఋతువులు, చంద్రసూర్యోదయములు, ఉద్యానము మున్నగువానికి అందు స్థానము కలదు, చవిటినేలకు లేదు. విత్తు మొలవని చోట పద్యమును మొలవదని వారు తలచిరి కాబోలు. ఆ తలపును నేటి ఛాయాచిత్రకళ ప్రశ్నించుచున్నది. చెట్టు, గట్టు, గూడు లేని ఉప్పు మైదానములను వెదకికొని పోయి చిత్రించు కళాకారులు పలువురు కలరు.

బెంగుళూరునకు దక్షిణమున హోసూరు దారిపైనున్న హెబ్బగోడి వంటి ఊరిలో ఈ చిత్రములను గూర్చి విచారించుటకు ప్రత్యేక కారణము కలదు. పల్లెగా నుండిన ఈ ఊరు పారిశ్రామికవాడ యైనది. 2025 ఆగస్టు నుండి మెట్రో రైలు పసుపు మార్గము దీనిమీదుగా సాగుచున్నది. ఇచ్చట నివసించు తెలుగువారికి నేలయు నింగియు కలియు గీత కనబడుట అరుదు. ఆ గీతయే వస్తువుగా గల చిత్రము ఇంటిగోడపైనను, చేతిలోని ఫోనులోను మనస్సును పట్టుట సహజము. అయితే కంటికి కలిగిన విశ్రాంతియు రసానుభవమును ఒకటియేనా యనునది విచార్యము.

ఈ రంగమున ప్రసిద్ధుడు ఆస్ట్రేలియా దేశీయుడగు మర్రే ఫ్రెడరిక్స్. అతడు 2003లో దక్షిణ ఆస్ట్రేలియాలోని ఐర్ సరస్సున "సాల్ట్" అను చిత్రశ్రేణిని ఆరంభించెను. సముద్రమట్టమునకు సుమారు 15 మీటర్లు దిగువన నున్న ఆ సరస్సు పూర్తిగా నిండినపుడు 9,500 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొనును. అది నిండుట మిక్కిలి అరుదు. తక్కిన కాలమందు అధికభాగము ఉప్పుపెచ్చు. అతడు దాని నడుమ గుడారము వేసికొని, వారములకొలది ఒంటరిగా నుండి, 8×10 అంగుళముల ఫిలిము పట్టు పెద్ద కెమెరాతో చిత్రములు తీసెను. ఆ యనుభవమును తెలుపు చలనచిత్రము 2009లో వెలువడినది.

ఇందలి శ్రమ ఏకాంతవాసముతో తీరునది కాదు. వెలుతురును కొలుచు సాధనము తెలుపును నమ్మదు. ఎంత తెల్లని నేలనైనను మధ్యమమగు బూడిదవన్నెగా లెక్కించును. దానిని విన్నచో ఉప్పు మురికిపట్టినట్లు తోచును. మితిమీరి వెలుతురు నిచ్చినచో పెచ్చుమీది గీతలన్నియు మాసిపోవును. ఈ రెంటి నడుమనున్న సన్నని దారియే చిత్రకారుని నేర్పు.

కావ్యమందు ప్రకృతి తరచుగా ఉద్దీపన విభావము. వెన్నెల విరహమును పెంచును. వసంతము శృంగారమును రేపును. "సాల్ట్" చిత్రములలో నాయకుడు లేడు, నాయిక లేదు. ప్రకృతియే ఆలంబనమై నిలిచి అద్భుతమును, పిదప శాంతమును కలిగించుచున్నది. చెప్పవలసినది చెప్పక స్ఫురింపజేయుట ధ్వని యైనచో, ఇది ధ్వనిప్రధానమైన కళ. నేల సైతము ఇందుకు అనుకూలమే. ఉప్పుపెచ్చుపై ఒకటి రెండు మీటర్ల వెడల్పున ఏర్పడు బహుభుజములకు, అడుగున చిక్కని ఉప్పునీరు క్రుంగుచు పలుచని నీరు పైకి వచ్చుచు తిరుగుటయే కారణమని 2023లో భౌతికశాస్త్రజ్ఞులు నిరూపించిరి. నిశ్చలముగా కనబడు గీత లోపలి చలనమునకు గుర్తు.

2017 నాటి "వానిటీ" శ్రేణిలో ఫ్రెడరిక్స్ అదే సరస్సున పెద్ద అద్దమును నిలిపెను. అద్దములో చూపరి ముఖము కాక ఆకాశము కనబడును. అహంకారము తొలగినచో విశ్వము తోచునని భావము. చిత్రములు మనోహరములే, కాని మొదటి శ్రేణిలో వ్యంగ్యమైనది ఇచ్చట వాచ్యమైనది. కావున "సాల్ట్" ఉత్తమము, "వానిటీ" దాని వ్యాఖ్యానము.

ఇక దోషవిచారము. ఆ సరస్సు నిర్జనముగా కనబడినను అస్వామికము కాదు. అది అరబానా ప్రజల తావు; వారి భూమిహక్కును న్యాయస్థానము 2012లో అంగీకరించినది. శూన్యమనునది చిత్రకారుని ఎన్నికయే గాని నేలయొక్క స్వభావము కాదు. ఈ విషయము మన దేశమున మరింత స్పష్టము. గుజరాతులోని చిన్న రణ్ణమున వానలు వెలిసి నీరు దిగిన పిమ్మట అగరియా కుటుంబములు వచ్చి, భూగర్భమునుండి ఉప్పునీరు తోడి, మడులలో ఎండగట్టి, వేసవి తుదివరకు ఉప్పు పండింతురు. అచ్చటి తెలుపు వారి చెమటచే ఏర్పడినది. ఆ మడులను తీసి, ఆ మనుష్యుల జాడ తుడిచి, దానికి ప్రశాంతియని పేరిడినచో అది ధ్వని కాదు, అపలాపము.

ఈ భేదము తెలుగువారికి క్రొత్త కారాదు. నౌపడలోను చినగంజాములోను ఉప్పు కొటారులు కలవు. సముద్రపునీరు మడులకెక్కి, ఎండకు తెల్లబడి, మనుష్యుల చేతులతో కుప్పలగును. ఆ మడిలోను ఆకాశము ఐర్ సరస్సునందు వలెనే ప్రతిఫలించును. గట్టుమీద అడుగుజాడ సైతము ఉండును. ఆ జాడను తొలగింపక, దానిని గూర్చి ఉపన్యసింపక, వెలుతురులో ఒక గీతగా నిలుపగల చిత్రకారుడే ఊషరక్షేత్రమునకు పందొమ్మిదవ వర్ణనగా స్థానము సంపాదింపగలడు.