కన్యకాకథయందలి సభ

కన్యకాపరమేశ్వరీకథను విమర్శించువారు తఱచుగా రెండు తెఱగులవారు. కొందఱు భక్తితో చదివి, విమర్శ యపచారమని తలచుదురు. కొందఱు రాజుల పేళ్లను శాసనములతో పోల్చి, పొసగమి జూచి, కథనే త్రోసిపుచ్చుదురు. ఈ రెండవవారి యాక్షేపము నిరాధారము కాదు. కథలో విష్ణువర్ధనుడు రాజరాజనరేంద్రునకు తండ్రి. శాసనములను బట్టి చూడగా రాజరాజు విమలాదిత్యుని కుమారుడు. విష్ణువర్ధననామమన్ననో వేంగీచాళుక్యులు పలువురు ధరించినది, రాజరాజును ధరించినదే. కావున చరిత్రగా నీకథ నిలువదు. చరిత్రగా నిలువనిది మఱి దేనిగా నిలుచునో విచారించుట మన పని. నా మట్టునకు భాస్కరాచార్యకృతమని ప్రసిద్ధమైన యీ పురాణకథ దేవీమాహాత్మ్యమైనంతగా నొక వర్తకసంఘముయొక్క సభావృత్తాంతమును గూడ.

సంఘస్వరూపమును శాబ్దికులును విచారించిరి. అష్టాధ్యాయి ద్వితీయాధ్యాయమున శ్రేణ్యాదులకు కృతాదులతో సమాసము విహితము. అచట చ్వ్యర్థము వివక్షితమని వార్తికము. అనగా, మునుపు శ్రేణి కానివారు శ్రేణిగా చేయబడినప్పుడే ‘శ్రేణికృతులు’ అని సమాసము. ఈ సూత్రమును పాఠము చెప్పునపుడెల్ల నాకొకటి తోచును: శ్రేణి పుట్టునది కాదు, చేయబడునది. పూగశబ్దమునకు కాశికయందు చెప్పిన యర్థమును ఇట్టిదే. నానాజాతీయులై, నియతమైన వృత్తి లేక, అర్థకామములు ప్రధానముగా గూడినవారి సంఘము పూగము. ఇందు జన్మప్రసక్తి లేదు. గోత్రమన్ననో పాణినీయమున పౌత్రప్రభృత్యపత్యము, కేవలము జన్మసిద్ధము.

ఈ రెండు భావములును కన్యకాకథలో నొక్కచో కలిసినవి. రాజు కన్యను గోరగా, కుసుమశ్రేష్ఠి తానొక్కడే యుత్తర మీయడు. పదునెనిమిది పట్టణములవారు పెనుగొండలో గూడుదురు. అచట లెక్క పట్టణములను బట్టి గాని తలలను బట్టి గాని కాదు, గోత్రములను బట్టి. జన్మసిద్ధమైన గోత్రము సభలో నొక మాటకు ప్రమాణమైనది. 714 గోత్రములలో 102 గోత్రములవారు కన్య నీయమనిరి. 612 గోత్రములవారు రాజునకు వెఱచి యిచ్చుట మేలనిరి. పాఠకులు ఈ సంఖ్యలను గుణించి చూతురు గాక. 102ను ఏడింట గుణింప 714. ఆఱింట గుణింప 612. ఇది జనసంఖ్య కాదు, కథకుని సంఖ్య. ఏడుపాళ్లలో నొకపాలు మాత్రమే నిలిచినదని చెప్పుటకై యేర్పఱచినది. దీనిని గోత్రప్రవరల చరిత్రకు సాక్ష్యముగా గ్రహించినవారు శ్రమపడిరని చెప్పక తప్పదు.

సంఖ్య కల్పితమైనను సంఘము కల్పితము కాదు. మధ్యయుగాంధ్రశాసనములలో వర్తకసంఘమునకు నకరమని వ్యవహారము. పెనుగొండను మూలస్థానముగా జెప్పుకొన్న నకరమువారు అందు గానవత్తురు. నకరము నగరశబ్దభవమందురు. పెనుగొండలో వెలసిన నగరేశ్వరస్వామిని ఊరిదేవుడని యర్థము చెప్పుట వాడుక. నకరమునకు ఈశ్వరుడనుటయే నాకు సమంజసముగా తోచును. అంగడి, గుడి, సభ అను మూడింటికి నొక్కటే పేరు చెల్లిన కాలమది. అట్టి సంఘముతో రాజులకును పనియుండెను. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనము వేయించి, ఓడ పగిలి దరిజేరిన సరకును హరించు పూర్వాచారమును మాన్పి, సుంకము మాత్రము గొనుట కొప్పుకొనెను. వర్తకుడు రేవు విడిచిన బొక్కసము నిండదని యెఱిగిన రాజు చేసిన పని యది. కథలోని రాజున కీ యెఱుక లేకపోయెను.

ఇక 612 గోత్రముల మాట. కథ చెప్పువారు వీరి వాదమును ఒక్క వాక్యముతో దాటించి, పిఱికివారని, పతితులని నిందించుటయు గలదు. ఇది న్యాయమా? యాజ్ఞవల్క్యుడు సంవిద్వ్యతిక్రమప్రకరణమున గణద్రవ్యమును హరించినవానికిని, సంవిదము నుల్లంఘించినవానికిని సర్వస్వహరణమును, రాష్ట్రమునుండి వెడలగొట్టుటయు విధించెను. విజ్ఞానేశ్వరుని వ్యాఖ్య కేతనచే తెలుగునకు వచ్చినది గావున ఈ ధర్మము మన దేశమున క్రొత్త కాదు. కాని సంవిదము నంగీకరించినవాడే దాని నుల్లంఘింపగలడు. ఈ 612 గోత్రములవారు ఒడంబడిక చేసి తప్పినవారు కారు, ఒడంబడనే లేదు. సభకు వచ్చిరి, తమ మాట చెప్పిరి, విడిపోయిరి. వీరికి కథలో దండనము విధింపబడకపోవుట గమనింపదగినది. కథకు ధర్మము తెలియును, చెప్పువారు మఱచిరి. నిలిచిన 102 గోత్రములవారి త్యాగమునకు ఇందువలన లోటు లేదు. భిన్నాభిప్రాయమున కెడమున్న సభలోనే నిశ్చయమునకు వెల గలుగును.

గురజాడ అప్పారావుగారు ‘కన్యక’లో వేఱు త్రోవ త్రొక్కిరి. అందు గోత్రగణనకు ప్రాధాన్యము లేదు. కన్యకయొక్క వాక్కే ప్రాణము. గేయమున కది గుణమే. అయినను ఒక సంఘము భయపడి, తర్కించి, చీలి, నిలిచిన వృత్తాంతము అందు మఱుగుపడినది. నేటి వైశ్యసంఘములు మాత్రము ఆ పాతలెక్కను విడువలేదు. వివాహములలో గోత్రములను విచారించునపుడును, అన్నసత్రములకును విద్యాలయములకును కన్యక పేరిడునపుడును 102 గోత్రములవారినే మూలపురుషులుగా స్మరింతురు. చెన్నపట్టణమున కొత్తవాలుచావడియందలి కన్యకాపరమేశ్వరీదేవస్థానమును చూచినవారికి గుడియు అంగడియు ఒక్క యాజమాన్యమున నుండు పద్ధతి నశింపలేదని తెలియును.

ఈ పురాణముయొక్క వ్రాతప్రతులను పరిష్కరింప బూనువారికి నాదొక ప్రార్థన. దేవీస్తుతులలోని పాఠభేదములకంటె ముందుగా సభాఘట్టమును పోల్చి చూడవలయును. ఇచ్చుట మేలన్నవారి మాటలు ఏ ప్రతియందైన నింతకంటె విరివిగా నున్నయెడల, వానిని ప్రక్షిప్తములని తొందరపడి అథోజ్ఞాపికలోనికి దింపకుందురు గాక.