‘గోన గన్నారెడ్డి’ నవల: శాసన చరిత్ర, సాహస కల్పన

ఉపోద్ఘాతం

అడివి బాపిరాజు (1895-1952) రచించిన ‘గోన గన్నారెడ్డి’ కాకతీయయుగ వీరుణ్ణి నాయకుడిగా నిలిపిన చారిత్రక సాహస నవల. 2015లో విడుదలైన ‘రుద్రమదేవి’ చలనచిత్రంలో అల్లు అర్జున్ ఈ పాత్రను పోషించడంతో గన్నారెడ్డి పేరు కొత్త తరానికి చేరింది. అయితే చాలామందికి తెలిసిన గన్నారెడ్డి నవలలోని గజదొంగే గాని శాసనాలలోని సామంతుడు కాడు. ఈ రెండు రూపాల మధ్య ఉన్న అంతరాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

శాసనాధారం

గోన వంశీయులు వర్ధమానపురం కేంద్రంగా పాలించిన కాకతీయ సామంతులు. ‘రంగనాథ రామాయణం’ కర్తగా ప్రసిద్ధుడైన గోన బుద్ధారెడ్డిది ఈ వంశమే. 1294 నాటి రాయచూరు శాసనం గోన గన్నయరెడ్డి సేనాని విఠలుడు ఆదవాని, తుంబళం మొదలైన దుర్గాలను జయించి, రాయచూరులో కోట కట్టించినట్లు తెలుపుతున్నది. రుద్రమదేవి మరణాన్ని సూచించే చందుపట్ల శాసనం 1289 నాటిది. అంటే రాయచూరు విజయం ప్రతాపరుద్రుని పాలనలో జరిగింది. నవల మాత్రం 1262 ప్రాంతంలో మొదలైన రుద్రమ పాలనను, ఆనాటి సామంతుల తిరుగుబాట్లను నేపథ్యంగా తీసుకుంది. ఈ రెండింటి మధ్య సుమారు మూడు దశాబ్దాల ఎడం ఉంది. నాయకుని యౌవనం గురించి రాయచూరు శాసనం ఏమీ చెప్పదు. బాపిరాజు తన కల్పనకు ఎన్నుకున్నది ఆ యౌవనాన్నే.

కల్పనా విధానం

శాసనంలో ఆదవాని యుద్ధంలో గెలిచిన దుర్గం. నవలలో అది కథానాయిక అన్నాంబిక పుట్టినిల్లు. అక్కడి వివాహవేళ గన్నారెడ్డి వరుణ్ణి అపహరించడంతో కథ మలుపు తిరుగుతుంది. శాసనం చెప్పిన దండయాత్ర స్థానంలో రచయిత పెళ్ళిని, అపహరణను, ప్రణయాన్ని నిలిపాడు. చట్టానికి వెలుపల ఉంటూ సింహాసనానికి విధేయుడైన దొంగ పాత్ర వాల్టర్ స్కాట్ ‘ఐవాన్హో’ (1819)లోనూ ఉంది. అందులో లాక్స్‌లీ రాజు రిచర్డు పక్షాన నిలుస్తాడు. ఈ పోలిక ప్రభావానికి రుజువు కాదు, ప్రక్రియాగతమైన సామ్యం మాత్రమే. అయితే ఒక ముఖ్యమైన భేదముంది. స్కాట్ రాజు స్వదేశానికి తిరిగివచ్చిన పురుషుడు. బాపిరాజు సింహాసనంపై ఉన్నది స్త్రీ. ఆమె పాలనార్హతను సామంతులే ప్రశ్నిస్తున్నారు. అందువల్ల గన్నారెడ్డి విధేయత కేవల రాజభక్తి కాదు, స్త్రీ పాలనాధికారానికి మద్దతు. పురుషవేషం ధరించే అన్నాంబిక పాత్ర ఈ అంశాన్నే బలపరుస్తుంది.

పాత ప్రతుల ప్రాధాన్యం

హైటెక్ సిటీకి చేరువలో, గచ్చిబౌలిలో ఉన్న ట్రిపుల్ ఐటీ హైదరాబాదు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో ప్రధాన స్కానింగు కేంద్రాలలో ఒకటిగా పనిచేసింది. ఆ పథకం వల్ల అనేక పాత తెలుగు గ్రంథాలు పుటల చిత్రాలుగా పరిశోధకులకు అందాయి. పాత ముద్రణలోని పీఠిక, వర్ణక్రమం, ముద్రణ సంవత్సరం యథాతథంగా కనిపించడం వాటి ప్రయోజనం. రోమను లిపిలో తప్పుగా నమోదైన పేర్ల వల్ల వెతికిన పుస్తకం దొరకకపోవడం వాటి పరిమితి. కనుక పరిశోధకుడు తాను ఉపయోగించిన ముద్రణ వివరాలను పేర్కొనడం అవసరం.

ముగింపు

ఈ నవలను చరిత్రకు ప్రత్యామ్నాయంగా స్వీకరిస్తే శాసనాలకు అన్యాయం జరుగుతుంది. చరిత్రకు విరుద్ధమని తోసిపుచ్చితే నవలకు అన్యాయం జరుగుతుంది. శాసనం మౌనం వహించిన చోట రచయిత ఏమి కల్పించాడు, ఎందుకు కల్పించాడు అన్న ప్రశ్నే ఈ నవలా విమర్శకు సరైన ప్రాతిపదిక.