సుసుకినో కౌంటర్ మీద ఐసు పని

జపాన్ ఉత్తర దీవి హొక్కైడోలోని నిసెకోకు స్కీయింగ్ కోసం వెళ్లే విదేశీయులకు అక్కడి మంచు గొప్పతనం ఎవరూ చెప్పక్కర్లేదు, తెలిసే వెళతారు. సైబీరియా నుంచి బయల్దేరిన చలిగాలి జపాన్ సముద్రం దాటుతూ తేమ పట్టుకుంటుంది. హొక్కైడో పడమటి కొండలెక్కేసరికి మోయలేక దింపేస్తుంది. చలి గట్టిగా ఉంటుంది కనుక ఆ మంచులో నీటి పాలు తక్కువ, కాలు తగిలితే చాలు ఎగిరిపోతుంది. 1308 మీటర్ల అన్నుపురి కొండ మీద నాలుగు స్కీ కేంద్రాలు, ఎదురుగా 1898 మీటర్ల యోతెయి అగ్నిపర్వతం. పగలు ఎలా గడపాలన్నది అక్కడ సమస్యే కాదు. లిఫ్టులు ఆగిపోయాక ఎక్కడికి వెళ్లాలన్న దగ్గరే చాలామంది సగం జపాన్‌ను చేజార్చుకుంటారు.

కొండ కింద హిరఫు వీధుల్లో ఇంగ్లీషు నడిచే బార్లు చాలానే ఉన్నాయి. సరదాగానే ఉంటాయి, కాదనను. అయితే అలాంటి సందడి ఏ దేశపు స్కీ ఊళ్లోనైనా దొరుకుతుంది. జపాన్ రాత్రికి సొంతమైన పనితనం చూడాలంటే సప్పోరో వెళ్లాలి. సుసుకినో పేటలో ఎనిమిదో పదో కుర్చీలున్న చిన్న బార్ ఒకటి వెతుక్కుని, కౌంటర్ ముందు కూర్చుని, బార్‌టెండర్ చేతులు ఐసుతో ఏం చేస్తున్నాయో చూడాలి.

దానికోసం స్కీయింగ్ మానుకోనక్కర్లేదు. సప్పోరో దాదాపు 20 లక్షల జనాభా ఉన్న మహానగరం. ఏటా ఐదు మీటర్లకు కాస్త అటూ ఇటూగా మంచు కురుస్తుంది. ఆసియాలో జరిగిన మొదటి శీతాకాల ఒలింపిక్స్ 1972లో ఇక్కడివే. అప్పటి స్లాలమ్, జెయింట్ స్లాలమ్ పోటీలు జరిగిన తెయినె కొండ నగరం పొలిమేరలోనే ఉంది. పైనుంచి చూస్తే ఒకవైపు ఇషికారి అఖాతం, ఇంకోవైపు ఊరు. మధ్యాహ్నం దాకా అక్కడ జారి, వేడినీళ్ల స్నానం చేసి, చీకటి పడేసరికి సుసుకినో చేరుకోవచ్చు.

ఇక అసలు పని దగ్గరికి వద్దాం. మన ఊళ్లలో ఐసు ఫ్యాక్టరీ దిమ్మను చూసినవాళ్లకు తెలుసు, దాని నడుమ పాలు పోసినట్టు తెల్లగా ఉంటుంది. నీటిలో కరిగి ఉన్న గాలి, ఖనిజాలు అక్కడ చిక్కుకుపోవడమే దానికి కారణం. గడ్డకట్టే నీరు తనలో కలవనివాటినన్నిటినీ ముందుకు నెడుతుంది. నాలుగువైపుల నుంచీ గడ్డకడుతూ వస్తే అవి పోయే దారి లేక మధ్యలో ఇరుక్కుంటాయి. జపాన్ బార్లకు ఐసు అందించే తయారీదారులు దీన్ని రెండు రకాలుగా ఎదుర్కొంటారు. మొదటిది నిదానం. మరీ తీవ్రమైన చలి తగలనివ్వకుండా, రెండు మూడు రోజుల పాటు మెల్లగా గడ్డకట్టిస్తారు. రెండోది కదలిక. అచ్చులోని నీటిలోకి గొట్టంతో గాలి వదులుతూ దాన్ని ఆగకుండా కదుపుతుంటారు, బుడగలు అంటుకోకుండా. చివరికి మధ్యలో మిగిలే మురికి నీటిని తోడేసి, కొత్త నీరు పోస్తారు. అలా తయారైన దిమ్మ 135 కిలోలు తూగుతుంది. దాన్ని రంపంతో కోసి, ముక్కలుగా బార్లకు చేరుస్తారు. ఆ ముక్క వెనక పుస్తకం పెడితే అక్షరాలు చదవొచ్చు.

బార్‌టెండర్ పని ఇక్కడ మొదలవుతుంది. సాయంత్రం తలుపు తీయకముందే ఐసు చెక్కడానికి కూర్చుంటాడు. పళ్ల రంపంతో దిమ్మ మీద గీత పెట్టి, కత్తి వీపు మీద ఒక దెబ్బ వేస్తే అది గీత వెంబడి విడిపోతుంది. తర్వాత అరచేతిలో గుడ్డ వేసి, ముక్కను దాని మీద నిలబెట్టి, మూడు మొనల ఐసు పిక్‌తో మూలలు రాలుస్తాడు. మూలలు పోయాక అంచులు, అంచులు పోయాక ఆ అంచుల మీద మిగిలిన చిన్న మిట్టలు. ముక్క తిరుగుతూనే ఉంటుంది, పిక్ మాత్రం దాదాపు ఒకే చోట ఆడుతుంది. కొన్ని నిమిషాల్లో గ్లాసులో సరిగ్గా పట్టే గోళం తయారవుతుంది. గోళమే ఎందుకు? అంతే బరువున్న ఘనం కన్నా గోళానికి ఉపరితలం దాదాపు 19 శాతం తక్కువ. పానీయం తాకే చోటు తగ్గితే కరగడం తగ్గుతుంది, విస్కీ ఆలస్యంగా పలచబడుతుంది. లెక్క సరైనదే. అయినా నా మటుకు గోళంలో కాస్త ప్రదర్శన కూడా ఉందనిపిస్తుంది. వజ్రంలా పలకలు తీర్చిన ఐసులో అయితే సగానికి పైగా ప్రదర్శనే. చేతి నైపుణ్యం అబ్బురమే గానీ, ఐసు తెలిసిన మనిషిని పట్టుకోవాలంటే చూడాల్సింది హైబాల్.

విస్కీ, సోడా, ఐసు. హైబాల్‌లో ఉండేవి ఈ మూడే, దాచుకోవడానికి ఏమీ లేదు. చిన్న బార్లో అది ఎలా పుడుతుందో నెమ్మదిగా చూడండి. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐసును వెంటనే వాడడు. కాసేపు బయట ఉంచుతాడు, పైపొర తడితో మెరిసేదాకా. గడ్డకట్టిన చలి మీదే ద్రవం పడితే ఐసు టప్పున పగులుతుంది, పగుళ్లు పడితే త్వరగా కరుగుతుంది. పొడుగు గ్లాసులో పొడుగు ముక్కను దించి, స్పూనుతో తిప్పుతాడు. చప్పుడు దాదాపు వినిపించదు, ఎందుకంటే స్పూను వీపు గ్లాసు గోడను వదలదు. గ్లాసు చల్లబడుతుంది, ఐసు మీది పదునైన అంచులూ పొడీ కరుగుతాయి. ఆ నీటిని ఒంపేస్తాడు. ఈ ఒంపడం చాలా బార్లలో కనిపించదు, రుచిలో తేడా అంతా ఇక్కడే ఉంది. ఇప్పుడు విస్కీ పోసి మళ్లీ తిప్పుతాడు, అది ఐసంత చల్లబడేదాకా. ఆఖరున సోడా. ఐసు మీద పోయడు, ఐసుకూ గ్లాసుకూ మధ్య ఉన్న సందులోంచి జార్చుతాడు. తగిలితే బుడగలు చచ్చిపోతాయి. సోడా విస్కీ కన్నా బరువు కాబట్టి కిందికి దిగి తనంతట తానే కలుస్తుంది. అందుకే చివర్లో కలపడం ఉండదు. స్పూనుతో ఐసును ఒకసారి పైకెత్తి వదిలేస్తాడు, అంతే. ఇదంతా రెండు నిమిషాల పని. అందులో ఒక్క కదలికా దండగ కాదు.

షేకర్ పని ఇంకో విద్య. టోక్యో గింజాలో కజువొ ఉయెదా అనే బార్‌టెండర్ హార్డ్ షేక్ అనే పద్ధతికి పేరు తెచ్చాడు. షేకర్‌ను రకరకాల కోణాల్లో ఊపి, పానీయంలోకి సన్నని గాలి బుడగలు ఎక్కించడం దాని ఉద్దేశం. దాని మీద వాదోపవాదాలు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోను. మంచు కోసం వచ్చినవాళ్లు షేకర్ పని చూడాలనుకుంటే యుకిగుని అనే కాక్‌టెయిల్ అడగడం మేలు. మంచు దేశం అని దాని పేరు. యమగత ప్రాంతంలోని సకత పట్టణానికి చెందిన కెయిచి ఇయామా దాన్ని కనిపెట్టి, 1959లో కొతొబుకియా సంస్థ, అంటే నేటి సుంతొరీ, పెట్టిన పోటీలో మొదటి బహుమతి గెలిచాడు. వోద్కా, తెల్ల క్యురసావో, లైమ్. గ్లాసు అంచుకు చక్కెర, అడుగున ఒక ఆకుపచ్చ చెర్రీ. ఇయామా తొంభై దాటాక కూడా తన చిన్న దుకాణంలో కౌంటర్ వెనక నిలబడి దాన్ని కలిపి ఇచ్చాడు. 2021లో కన్నుమూశాడు. అంచు మీది చక్కెర అంతటా ఒకే మందంలో ఉందా, ఎక్కడైనా ముద్దగా అంటుకుందా అన్నది చూస్తే, ఎదుట ఉన్న మనిషి ఓపిక తెలిసిపోతుంది.

సప్పోరోకు సొంతంగా ఇలాంటి పెద్దమనిషి ఒకడుండేవాడు. తత్సురొ యమజాకి 1958లో సుసుకినోలో తన పేరుతోనే బార్ తెరిచాడు. వచ్చినవాళ్ల ముఖాన్ని పక్కనుంచి చూసి, కత్తెరతో నల్ల కాగితం మీద ఆ రూపురేఖలు కత్తిరించేవాడు. ముందు గీసుకోవడం లేదు, నేరుగా కత్తెరే. 2016లో పోయేదాకా అలా వేలాది ముఖాలు కత్తిరించాడు.

సుసుకినో కూడలిలో గడ్డం మనిషి గ్లాసు పట్టుకున్న నిక్కా విస్కీ దీపాల బోర్డును చూడకుండా ఎవరూ రాలేరు. ఆ విస్కీ పుట్టిన యోయిచి సప్పోరోకు పడమట సుమారు 50 కిలోమీటర్లు. 1918లో స్కాట్లండ్ వెళ్లి విస్కీ విద్య నేర్చుకొచ్చిన మసతక తకెత్సురు 1934లో అక్కడ సంస్థ పెట్టాడు. చలి, తేమ, పీట్ నేల స్కాట్లండ్‌ను తలపించాయని ఆ చోటు ఎంచుకున్నాడు. ఇవాళ్టికీ అక్కడ విస్కీ బట్టీ పెట్టే రాగి పాత్రల కింద బొగ్గు మంట వేస్తారు. కొన్ని నిమిషాలకోసారి పనివాడు పారతో బొగ్గు ఎగదోయాలి, మంట పెరగకూడదు, తగ్గకూడదు. చాలా చోట్ల ఎప్పుడో వదిలేసిన పద్ధతి ఇది. తకెత్సురు సాకే అనే బియ్యపు మద్యం కాచే కుటుంబంలో పుట్టినవాడు కనుక, ఆ పాత్రల మెడకు షింతో సంప్రదాయపు పవిత్రమైన తాడు కట్టి ఉంటుంది. చూడడానికి సందర్శకులను రానిస్తారు.

నీరు గడ్డకట్టడాన్ని ఇంత శ్రద్ధగా గమనించడం సప్పోరోకు పాత అలవాటే. హొక్కైడో విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త ఉకిచిరొ నకాయా 1936లో, గడ్డకట్టే చలి గదిలో, కుందేలు వెంట్రుక చివర మొట్టమొదటి కృత్రిమ మంచు స్ఫటికాన్ని పెంచాడు. వేరే పోగులేవి వాడినా గుంపుగా మంచు అంటుకునేది. కుందేలు వెంట్రుక మీది చిన్న కణుపుల దగ్గర మాత్రం ఒక్కో స్ఫటికం విడిగా మొలిచింది. ఏ చలికి, ఎంత తేమకు ఏ ఆకారం వస్తుందో ఆయనే తేల్చాడు. ఫిబ్రవరిలో జరిగే మంచు పండుగ కూడా ఇక్కడిదే. 1950లో హైస్కూలు పిల్లలు ఓదొరి పార్కులో చేసిన ఆరు బొమ్మలతో మొదలైంది. పండుగ రోజుల్లో సుసుకినో వీధి పొడుగునా ఐసు శిల్పాలు నిలబెడతారు. వాటిని చూసి వస్తే, గ్లాసులోని గోళం కాస్త వేరుగా కనిపిస్తుంది.

ఇక కొత్తవాళ్లకు కొన్ని మాటలు. సుసుకినోలో చేయి పట్టి పిలిచేవాళ్ల వెంట వెళ్లకండి, వాళ్లు ఎంత నవ్వినా, ఎంత చవక అన్నా. బిల్లు కళ్లు తిరిగేలా వచ్చేది అలాంటి చోట్లే. మంచి బార్ మనిషిని వీధిలో నిలబెట్టి పిలవదు, ఏ భవనంలోనో నాలుగో అంతస్తులో చిన్న పేరు పలకతో ఉంటుంది. తలుపు తీసి వేళ్లతో ఎంతమందో చూపించి, కూర్చోమనేదాకా ఆగండి. బిల్లులో సీటుకు విడిగా రుసుము ఉంటుంది, అది మోసం కాదు, ఆచారం. ఐదారుగురు కలిసి వెళ్తే చిన్న కౌంటర్ నిండిపోతుంది. ఇద్దరో ముగ్గురో వెళ్లడం మర్యాద. సెంటు ఎక్కువ పూసుకోకండి. మద్యం తాగనివాళ్లు ఆ మాట ముందే చెబితే పళ్లరసంతో అంతే శ్రద్ధగా చేసి ఇస్తారు, ఐసు పని ఎలాగూ అదే. శాకాహారులు మాత్రం భోజనం ముందే చూసుకోవాలి, సప్పోరోకు పేరు తెచ్చిన మీసో రామెన్ పులుసు సాధారణంగా పంది ఎముకలతో కాచిందే. 20 ఏళ్లు నిండనివారికి మద్యం ఇవ్వరు.

అద్దె కారు తీసుకున్నవాళ్లు దాన్ని హోటల్లో వదిలి రావాలి. జపాన్‌లో తాగి నడిపినవాడికే కాదు, తెలిసీ పక్కన కూర్చున్నవాడికీ, తాగబోసినవాడికీ శిక్ష ఉంది. మెట్రో అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతుంది, తర్వాత టాక్సీయే. మర్నాడు కొండ ఎక్కాలనుకుంటే రెండు గ్లాసుల దగ్గర ఆపండి, చలిలో మద్యం ఒంటి వేడిని తోడేస్తుంది.

మొదటి గ్లాసుగా హైబాల్ అడగండి, ఫోన్ జేబులో పెట్టి ఆ రెండు నిమిషాలూ చూడండి. లేచేటప్పుడు టిప్ పెట్టకండి. పెడితే మీరు మరిచిపోయారనుకుని, మంచులో మీ వెనకే వచ్చి తిరిగి ఇచ్చేస్తారు.