ఎనిమిది పలకల దీపం

వైశాఖ పున్నమి వారంలో పడిందంటే మా వంటగది కిటికీ దగ్గర వెదురు బద్దలు ఆరుతుంటాయి. మొత్తం 24. అన్నీ జానెడు పొడవే. ఒక్కటి వేలెడు ఎక్కువైనా దీపం మెడ వాల్చేస్తుంది. బజారులో మేదరాయన మొదటిసారి ‘ఇన్ని చిన్న ముక్కలెందుకమ్మా, బుట్టకా తడికకా?’ అని అడిగాడు. ఇప్పుడు నన్ను చూడగానే కత్తి తీస్తాడు.

ఈ పని నాకు కొలంబో శివార్లలో అబ్బింది. అక్కడ రెండేళ్లు అద్దెకున్నాం. ఇంటావిడను నేను అమ్మా అనేదాన్ని, ఆవిడ నన్ను ‘దువా’ అని పిలిచేవారు. సింహళంలో దువా అంటే కూతురు. మనం బుద్ధ పౌర్ణమి అనే రోజే వాళ్లకు వెసాక్. మాట మన వైశాఖమే. బుద్ధుడు పుట్టిందీ, బోధి పొందిందీ, కన్నుమూసిందీ ఈ పున్నమినాడేనని వాళ్ల నమ్మకం. ఇంటింటికీ కాగితపు దీపాలు వేలాడతాయి. వాటిలో పాతకాలపుది అటపట్టమ. ‘అట’ అంటే ఎనిమిది.

నాలుగేసి బద్దలతో ఆరు చతురస్రాలు కట్టుకోవాలి. నాలుగు చతురస్రాలను మూలమీద నిలబెట్టి, పక్క మూలలు ఒకదానికొకటి దారంతో బిగించి చుట్టూ తిప్పాలి. ఐదోది పైన, ఆరోది కింద. చివరి ముడి పడగానే ఆ సందుల్లో త్రికోణాలు కనిపిస్తాయి. అమ్మ నా చేత వాటిని లెక్కపెట్టించారు. ఎనిమిది! వాటికోసం నేను ఒక్క బద్ద కూడా అదనంగా వాడలేదు. ఇన్నేళ్లయినా ఆ చివరి ముడి దగ్గర నా చేయి కాసేపు ఆగుతుంది.

తర్వాత కాగితం. గాలిపటాలకు వాడేలాంటి పల్చటి కాగితం, ఉడికించిన పిండి జిగురు. నేను కాగితానికి జిగురు పూశాను. అది నాని, ఆరేటప్పుడు ముడుచుకుపోయి చిరిగింది. ‘జిగురు బద్దకు రాయాలి దువా, కాగితానికి కాదు’ అని అమ్మ నా చేతిలోంచి గిన్నె తీసుకున్నారు. ఆవిడ వేలికొసతో బద్ద వెంబడి సన్నగా రాసి, కాగితం అలా ఆనించి వదిలేశారు. ఆరాక అది తప్పెటలా బిగిసింది. పై పలక మూయకూడదు, వేడి పోవాలి.

ఎనిమిది అక్కడితో అయిపోలేదు. పున్నమినాడు తెల్లవారకముందే అమ్మ తెల్లచీర కట్టుకుని విహారానికి వెళ్లి ‘అటసిల్’ తీసుకునేవారు, అంటే అష్టశీలాలు. మామూలు రోజుల ఐదు శీలాలకు తోడు మధ్యాహ్నం దాటాక భోజనం లేదు, ఆటపాటలూ అలంకారాలూ లేవు, ఎత్తయిన మెత్తటి పరుపు లేదు. ఆ ఐదింట్లో మూడోది ఆ రోజుకు పూర్తి బ్రహ్మచర్యంగా మారుతుంది. ఒక ఏడు నేనూ ఆవిడ పక్కన చాప మీద కూర్చున్నాను. ఆకలి ఓర్చుకోవచ్చు. మూడు గంటలప్పుడు ఏమీ తోచకపోవడమే కష్టం. చెయ్యి ఊరికే ఏదో ఒకటి వెతుక్కుంటుంది. అమ్మ మాత్రం కళ్లు మూసుకుని, వీధిలో నీడపట్టున కూర్చున్నంత తేలిగ్గా కూర్చున్నారు.

ఆ నిశ్శబ్దానికి గోడవతల ఊరంతా సందడి. జాతక కథల బొమ్మలతో, తిరిగే రంగు బల్బులతో ‘తొరణ’లు లేస్తాయి. మన తోరణమే అది. రోడ్ల పక్కన ‘దన్సల్’లు వెలుస్తాయి. ఆ మాట దానశాల నుంచి వచ్చింది. అన్నం, కూర, ఉడికించిన శనగలు, ఐస్‌క్రీం, ఏదైనా ఉచితమే. కుర్రాళ్లు జెండాలు పట్టుకుని బస్సులకు అడ్డం నిలబడి, దిగి తినిపొమ్మని బతిమాలతారు. మా ఊళ్లలో అన్నదానాలు చూస్తూ పెరిగినదాన్నే, కానీ పెట్టేవాళ్లు ఇలా అర్థించడం నేను అక్కడే చూశాను. మా వీధి దన్సల్ నడిపింది కూలిపని చేసుకునే కుటుంబాల పిల్లలు. వాళ్ల ముందు ‘వద్దు బాబూ, కడుపు నిండింది’ అనడానికి నాకు నోరు రాలేదు.

ఇదంతా ఎప్పుడూ ఇంత ధీమాగా సాగిందేమీ కాదు. బ్రిటిష్ పాలనలో వెసాక్‌కు సెలవు కూడా ఉండేది కాదు. సింహళ బౌద్ధులు, వాళ్లకు తోడుగా అమెరికన్ బౌద్ధుడు హెన్రీ ఆల్కాట్ పట్టుబట్టాక 1885లో ఆ సెలవు దక్కింది. ఆ వెసాక్‌కే నీలం, పసుపు, ఎరుపు, తెలుపు, నారింజ చారల బౌద్ధ పతాకం మొదటిసారి ఎగిరింది.

నాగార్జునకొండ గురించి చెబితే అమ్మ మళ్లీ మళ్లీ చెప్పించుకునేవారు. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల ఏలుబడిలో అక్కడ సింహళ విహారం ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక చేసిన దానాలు చెక్కిన శాసనంలో దాని పేరుంది. ‘మా వాళ్లు మీ కృష్ణ ఒడ్డున ఉన్నారా!’ అని, ఉన్న ఊరి పేరు విన్నట్టు మురిసిపోయేవారు.

నేను ఆవిడ పక్కన కూర్చున్న ఏడాది సాయంత్రం సిల్ ముగించుకుని వచ్చాక దీపం ఆవిడే వెలిగించారు. కింది పలక మీద కొవ్వొత్తి. ఇప్పుడు అక్కడా ప్లాస్టిక్ దీపాలు, ఎల్‌ఈడీ బల్బులు వచ్చేశాయి, చిరగవు, కాలవు. నాకు మాత్రం కాగితం వెనక కదిలే వెలుగే కావాలి.

పోయినేడు మా బాల్కనీలో ఉన్నట్టుండి గాలి లేచింది. మంట కాగితానికి తగిలి, నేను నీళ్లు తెచ్చేలోపే మొత్తం పోయింది. దారాలు కాలి బద్దలు నేల మీద పరుచుకున్నాయి. మసి తుడిచి చూస్తే 17 బాగానే ఉన్నాయి. వాటిని దాచాను. ఈసారి మేదరాయన దగ్గర ఏడు కోయించుకుంటే చాలు.