పట్టభద్రుల ఓటు – విశ్వవిద్యాలయ పాలకమండలి: ఎన్నిక నియమాలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల పట్టభద్రులకు శాసనమండలి ఎన్నికలో ఓటు ఉంది. తమకు పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయ పాలకమండలి కూర్పులో మాత్రం లేదు. 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం ఆధారంగా ఈ వ్యాసం ఆ వైరుధ్యాన్ని పరిశీలిస్తుంది. నామినేషన్‌కు బదులు ఎన్నిక రావాలంటే ఎటువంటి నియమాలు అవసరమో చర్చిస్తుంది.

1. ప్రవేశిక

1985లో రద్దయిన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 2007లో తిరిగి ఏర్పడింది. ఉమ్మడి నల్లగొండ జిల్లా ఉన్నతవిద్య కోసం మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఏర్పడినదీ 2007లోనే. మొదటిది ఈ ప్రాంత పట్టభద్రులకు ఓటుహక్కును తిరిగి ఇచ్చింది. రెండవది వారి పిల్లలకు ఇంటికి దగ్గరలో ఒక విశ్వవిద్యాలయాన్ని ఇచ్చింది. అయితే ఈ విశ్వవిద్యాలయ పాలనలో పట్టభద్రులకు గాని, అనుబంధ కళాశాలల అధ్యాపకులకు గాని ఎన్నుకునే హక్కు లేదు. 2016లో జిల్లాల పునర్విభజన తరువాత సూర్యాపేట, కోదాడ ఒక జిల్లాలోను, మిర్యాలగూడ మరొక జిల్లాలోను ఉన్నా, విశ్వవిద్యాలయ పరిధి రీత్యాను, వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల నియోజకవర్గం రీత్యాను ఈ మూడు పట్టణాలు ఒకే గూటివి. అందువల్ల ఈ వైరుధ్యం ఇక్కడ మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

2. చట్టంలో ప్రాతినిధ్యం

తెలంగాణకు అన్వయించుకున్న 1991 నాటి చట్టం ప్రకారం పాలకమండలిలో రెండు రకాల సభ్యులుంటారు. ఉన్నతవిద్య, ఆర్థిక శాఖల అధికారుల వంటివారు పదవీరీత్యా సభ్యులు. ప్రిన్సిపాళ్లు, అధ్యాపకులు, వివిధ రంగాల ప్రముఖులు ప్రభుత్వం నామినేట్ చేసే సభ్యులు. చట్టం అధ్యాపక వర్గాన్ని గుర్తించింది. ఆ వర్గం తరఫున ఎవరు మాట్లాడాలో నిర్ణయించే అధికారాన్ని మాత్రం ఆ వర్గానికి ఇవ్వలేదు. అధ్యాపకులలో ఒకరు సభలో ఉండటం వేరు, అధ్యాపకుల ప్రతినిధి ఉండటం వేరు. మొదటివారు తమను నియమించినవారికి జవాబుదారీ. రెండవవారు తమను ఎన్నుకున్నవారికి జవాబుదారీ.

ఈ భేదం మాటలకే పరిమితం కాదు. ఉపకులపతి ఎంపిక కోసం ఏర్పడే సెర్చ్ కమిటీలో పాలకమండలి ప్రతినిధి, యూజీసీ ప్రతినిధి, రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి ఉంటారు. పైకి ఇది మూడు వేర్వేరు సంస్థల సమతూకం. పాలకమండలినే ప్రభుత్వం కూర్చినప్పుడు ముగ్గురిలో ఇద్దరి మూలం ఒక్కటే అవుతుంది. పాలకమండలికి ఎన్నిక లేకపోవడం చివరకు ఉపకులపతి పీఠం దాకా ప్రభావం చూపుతుంది.

3. చారిత్రక నేపథ్యం

తెలుగువారికి విశ్వవిద్యాలయ ఎన్నికలు కొత్తవి కావు. 1904 నాటి చట్టం మద్రాసు విశ్వవిద్యాలయ సెనేట్‌లో కొన్ని స్థానాలను ఎన్నికకు వదిలింది. కోస్తా, రాయలసీమ పట్టభద్రులు ఆ విధంగా ఓటు రుచి చూశారు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సెనేట్ బలమైన సభ. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతి అయినది ఆ సెనేట్ ఎన్నిక ద్వారానే. నల్లగొండ ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఫర్మానా ద్వారా ఏర్పడింది. అంటే ఒకే భాష మాట్లాడే రెండు ప్రాంతాలలో ఒకచోట విశ్వవిద్యాలయం ఎన్నికలతో, మరొకచోట ఆజ్ఞతో ఎదిగింది. సెనేట్, సిండికేట్ అనే పాత నిర్మాణాన్ని 1991 చట్టం తొలగించి, రెండు ప్రాంతాలనూ నామినేషన్ పద్ధతిలో సమం చేసింది.

ఎన్నికలను వ్యతిరేకించేవారి వాదనను తోసిపుచ్చరాదు. ఎన్నిక వస్తే కులం, పార్టీ, ముఠా కూడా వస్తాయన్నది వారి భయం. ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు తమ అధ్యాపకుల ఓట్లను గంపగుత్తగా నడిపిస్తాయన్నది మరొక భయం. ఈ రెండూ నిజమైన భయాలే. అయితే నామినేషన్ వల్ల ఈ ప్రభావాలు పోవు, తెర వెనుకకు వెళతాయి. వాటిని అదుపు చేయవలసినవి ఎన్నిక నియమాలు.

4. శాసనమండలి ఎన్నికల అనుభవం

2021లో ఈ పట్టభద్రుల నియోజకవర్గంలో 71 మంది అభ్యర్థులు పోటీ చేశారు. పోలైన 3,87,969 ఓట్లలో 21,636 చెల్లలేదు. 2024 మే 27న జరిగిన ఉప ఎన్నికలో అభ్యర్థులు 52 మంది. పోలైన 3,36,013 ఓట్లలో 25,824 చెల్లలేదు. అభ్యర్థుల సంఖ్య తగ్గినా చెల్లని ఓట్లు పెరిగాయి. ఓటర్లందరూ డిగ్రీ చదివినవారే అయినా ప్రతి పదమూడు ఓట్లలో ఒకటి వృథా అయింది. ప్రాధాన్యతను అంకెలలో రాయాలి, టిక్కు పెట్టరాదు, ‘1’ తప్పనిసరిగా ఒకరికే ఇవ్వాలి అన్న నియమాల వద్దనే చాలామంది తడబడతారు. నియమం న్యాయమైనదైతే చాలదు, అది ఓటరుకు తెలిసి ఉండాలని ఈ అంకెలు చెబుతున్నాయి.

ఓటర్ల జాబితా మరొక పాఠం. మండలి ఎన్నికకు జాబితాను ప్రతిసారీ కొత్తగా తయారుచేస్తారు. డిగ్రీ పొంది మూడేళ్లు నిండినవారు మళ్లీ దరఖాస్తు చేసుకోవలసిందే. 2021లో 5,05,565గా ఉన్న ఓటర్ల సంఖ్య 2024లో 4,63,839కి తగ్గింది. మూడేళ్లలో పట్టభద్రులు తగ్గిపోరు, తగ్గినది నమోదు. ముంబయి విశ్వవిద్యాలయ అనుభవం ఇంకొక కోణాన్ని చూపుతుంది. మహారాష్ట్ర 2016 చట్టం అక్కడి సెనేట్‌లో పది స్థానాలను నమోదిత పట్టభద్రుల ఎన్నికకు కేటాయించింది. 2023లో ఓటర్ల జాబితా వివాదంతో ఎన్నిక నిలిచిపోయింది. పోలింగ్ 2024 సెప్టెంబరులో గాని జరగలేదు. జాబితా సరిగా లేని హక్కు కాగితం మీదనే ఉండిపోతుంది.

5. అవసరమైన నియమాలు

మొదటిది, జాబితా. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయమే కనుక పట్టా ప్రదానంతోనే పట్టభద్రుని పేరు శాశ్వత జాబితాలో చేరాలి. దరఖాస్తు భారం ఓటరుపై ఉండరాదు.

రెండవది, ఓటరు నిర్వచనం. అనుబంధ కళాశాలల్లో కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులు కూడా పాఠాలు చెబుతున్నారు. శాసనమండలి ఉపాధ్యాయ నియోజకవర్గం గత ఆరేళ్లలో మొత్తం మూడేళ్ల బోధనను అర్హతగా తీసుకుంటుంది. ఇక్కడ కూడా ఉద్యోగ స్వభావం కంటే బోధనా కాలమే ప్రమాణం కావాలి.

మూడవది, పోలింగ్ స్థలం, రహస్యం. పోలింగ్ కళాశాల ఆవరణలో జరిగితే యాజమాన్యం నీడ పడుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఒక్కొక్క ప్రభుత్వ కార్యాలయంలో కేంద్రం ఉండాలి. ఒక చిన్న కళాశాల నుంచి పన్నెండుమంది వస్తే వారి ఓట్లు ఎటు పడ్డాయో ఊహించడం కష్టం కాదు. కనుక అన్ని కేంద్రాల బ్యాలెట్లను కలిపిన తరువాతనే లెక్కింపు మొదలుకావాలి.

నాలుగవది, లెక్కింపు. మూడు స్థానాలకు ప్రతి ఓటరూ మూడు టిక్కులు పెట్టే పద్ధతిలో, సగానికి ఒక్క ఓటు మించిన వర్గం మూడింటినీ గెలుచుకోగలదు. ఒకే ఓటు బదిలీ అయ్యే ప్రాధాన్య పద్ధతిలో చెల్లిన ఓట్లు 400 అయితే కోటా 101. నాలుగో వంతుకు కాస్త మించిన వర్గానికి కూడా ఒక స్థానం దక్కుతుంది. ముఠా భయానికి ఇది పద్ధతి ఇచ్చే సమాధానం.

ఐదవది, నిర్వహణ, గడువు. రిజిస్ట్రార్ ఉపకులపతి కింద పనిచేసే అధికారి. కనుక రిటర్నింగ్ అధికారి విశ్వవిద్యాలయం వెలుపలి వ్యక్తి కావాలి. పదవీకాలం ముగియక ముందే ఎన్నిక పూర్తికావాలని చట్టమే గడువు విధించాలి. లేకుంటే వాయిదా మరొక పేరుతో నామినేషనే అవుతుంది.

6. ముగింపు

పాలకమండలిని పూర్తిగా ఎన్నికకు వదలాలని ఈ పరిశీలన వాదించదు. ప్రజాధనం ఖర్చయ్యే చోట ప్రభుత్వ సభ్యులు ఉండటం సమంజసమే. అధ్యాపకుల, పట్టభద్రుల పేరిట ఉండే స్థానాలనైనా ఆ వర్గాలే నింపాలి. రాష్ట్రానికి శాసనమండలి సభ్యుణ్ణి ఎన్నుకోగల విజ్ఞత కోదాడ అధ్యాపకునికి ఉందని రాజ్యాంగం నమ్మింది. తాను రోజూ పాఠం చెప్పే విశ్వవిద్యాలయం విషయంలో ఆ నమ్మకాన్ని చట్టం ఇంకా చూపవలసి ఉంది.