వేషం చూశాం, పాట వినలేదు

ఎడిన్‌బరా రాయల్ మైల్ మీద కిల్ట్ కట్టుకుని బ్యాగ్‌పైప్ వాయించే మనిషి ఫొటో మీ ఫ్రెండ్స్‌లో ఒక్కరి ఇన్‌స్టాలోనైనా ఉండే ఉంటుంది. ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన మనవాళ్ళకి అది చార్మినార్ ముందు సెల్ఫీ లాంటిది. ఆయన ఏం వాయించాడని అడిగి చూడండి. "బ్యాగ్‌పైప్స్ బ్రో" అంటారు. అది వాద్యం పేరు. ఆయన వాయించింది మార్చా, రీలా, చనిపోయినవాళ్ళ కోసం వాయించే విలాపమా అన్నది ఎవరికీ పట్టదు. మన దగ్గర వీధి కళ గురించి రాసే వ్యాసాలు కూడా చాలావరకు ఇలాగే ఉంటాయి. రెండు పేరాలు వేషం మీద, ఒక పేరా అంతరించిపోతోందన్న బాధ మీద. విన్నదాని గురించి ఒక్క వాక్యం ఉండదు.

ముందు వాద్యం సంగతి చూద్దాం. సంచిలోకి నోటితో గాలి ఊది, చంకలో నొక్కుతూ ఆ గాలిని గొట్టాల్లోకి పంపిస్తారు. భుజం మీద నిలబడే మూడు గొట్టాలు శ్రుతి పట్టుకుంటాయి. వేళ్ళతో వాయించే గొట్టాన్ని చాంటర్ అంటారు. దానికి ఉన్నవి తొమ్మిదే స్వరాలు. గట్టిగా, మెల్లగా అనే తేడా అందులో పలకదు. స్వరానికీ స్వరానికీ మధ్య నిశ్శబ్దం కూడా ఉండదు, సంచిలో గాలి ఉన్నంతసేపూ మోగుతూనే ఉంటుంది. అందుకే ఒకే స్వరాన్ని వరసగా రెండుసార్లు పలికించాలంటే మధ్యలో రెప్పపాటు ఇంకో స్వరాన్ని తాకించి విడదీయాలి. పైపర్ పనితనం చాలావరకు ఆ తాకిళ్ళలోనే తెలుస్తుంది. బస్సుల మోతలో ముందు వినపడకుండా పోయేవి కూడా అవే. ఇక మిగిలేది హోరు, గళ్ళబట్ట. ఫొటోకి ఆ రెండూ చాలు.

సంచిలో గాలి నింపి మోగించడం మనకు కొత్తేం కాదు. తెలుగు వీధి భాగవతాల్లో పాడేవాళ్ళ వెనక తిత్తి ఉండేది. మేకతోలు సంచి, ఊదడానికి ఒక గొట్టం, మోగడానికి ఒక గొట్టం. పాట పలకదు, శ్రుతి ఇస్తుంది, అంతే. హార్మోనియం, శ్రుతిపెట్టె వచ్చాక అది పక్కకి జరిగిపోయింది. ఇవాళ తిత్తి అంటే చాలామందికి కొలిమితిత్తే గుర్తొస్తుంది.

కానీ వేషం కట్టి, వీధిలో పీక ఊది, డబ్బులు తీసుకునే మనిషి మనకింకా ఉన్నాడు. సంక్రాంతికి అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తాడే, ఆ గంగిరెద్దులాయన. తలపాగా, ఎవరో ఇచ్చిన పాత కోటు, బొంతలు కప్పిన ఎద్దు, చేతిలో సన్నాయి. సన్నాయి పీక పెదాల మధ్య ఉంటుంది కాబట్టి ఆయన ఊపిరి తగ్గించి లోగొంతుకలో ఊదగలడు, స్వరాన్ని వంచగలడు, పాట మధ్యలో ఆగగలడు. హైలాండ్ పైపర్‌కి ఈ మూడూ లేవు. అయినా మన భాషలో ఆయన చేసేది స్ట్రీట్ మ్యూజిక్, ఈయన చేసేది అడుక్కోవడం.

ఈ తేడా మాటతో ఆగిపోదు. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం పాడటం, ఆడటం, జోస్యం చెప్పడం, ప్రదర్శన ఇవ్వడం లాంటివాటిని అడుక్కోవడానికి వాడే "నెపాల" కింద లెక్కేసింది. ఢిల్లీకి వర్తింపజేసిన ఆ చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లను 2018లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. అంతకుముందు ఏడాది నవంబరులో, ఇవాంకా ట్రంప్ వచ్చే సదస్సుకు ముందు, హైదరాబాద్ పోలీసులు రోడ్ల మీద అడుక్కోవడాన్ని రెండు నెలలు నిషేధించారు. పాటను నెపం అనేసిన చోట అది బాగుందా లేదా అన్న ప్రశ్నే పుట్టదు. ఆ ప్రశ్న అడగాల్సిన విమర్శకుడు కూడా అడగకపోతే, చట్టం చెప్పినదానికే సంతకం పెట్టినట్టు.

స్కాట్లండ్‌లోనూ ఆ గౌరవం మొదటినుంచీ లేదు. 1746లో తిరుగుబాటు అణిగాక జేమ్స్ రీడ్ అనే పైపర్‌ని యార్క్‌లో ఉరి తీశారు. తాను ఆయుధం పట్టలేదని అతను మొత్తుకుంటే, పైపర్ లేకుండా హైలాండ్ సేన కదలదు కాబట్టి బ్యాగ్‌పైప్ కూడా యుద్ధసాధనమేనన్నారు. అదే ఏడాది వచ్చిన చట్టం సైన్యంలో లేని మగవాళ్ళకి కిల్ట్‌ని నిషేధించింది. అది 1782లో రద్దయింది. 1822కల్లా నాలుగో జార్జి రాజే ఎడిన్‌బరా వచ్చి కిల్ట్ వేసుకున్నాడు, ఆ తతంగమంతా నవలాకారుడు వాల్టర్ స్కాట్ నడిపించాడు. టూరిస్టు చూసే వేషానికి మూలం ఆ ఊరేగింపులో వెతకాలి. సంగీతానికి దారి మాత్రం వేరు. 1781లోనే ఫాల్కర్క్‌లో పైపర్ల పోటీ మొదలైంది. ఎవరో కూర్చుని విన్నారు, ఇతను బాగా వాయించాడు, అతను వాయించలేదు అన్నారు. బాణీలు రాసిపెట్టుకున్నారు. ఆ వాద్యాన్ని కళగా నిలబెట్టిన పనుల్లో, నా లెక్కలో, ఇదే ముఖ్యం.

దీనికి నష్టం కూడా ఉంది. 1838లో ఆంగస్ మకై అచ్చేసిన బాణీలే ప్రమాణమైపోయి, అంతకుముందున్న రకరకాల పాఠాలు పోటీల్లో పక్కకి పోయాయని పైపర్లే గొణుక్కుంటారు. వినడం ఎంత అవసరమో, విన్నదాన్ని రూల్‌బుక్ చెయ్యకపోవడమూ అంతే అవసరం.

ఇప్పుడు మా లక్సెట్టిపేట వైపు రండి. పక్కనే దండేపల్లి మండలం గుడిరేవులో, గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో గుడి ఉంది. దీపావళి రోజుల్లో రాజ్‌గోండుల దండారి బృందాలు అక్కడికి వస్తాయి. నెమలీకల కిరీటాలతో గుస్సాడీలు, వాళ్ళతో గుమేల, పర్ర, పెప్రె. పెప్రె కూడా పీకతో ఊదేదే. మార్లవాయి కనక రాజుకి 2021లో పద్మశ్రీ ఇచ్చారు, అది దక్కాల్సిందే. ఆ తర్వాత గుస్సాడీ ఫొటోలు మరీ ఎక్కువయ్యాయి. వాటిలో పెప్రె ఊదినవాళ్ళ పేరు రాసిన క్యాప్షన్ ఒకటి వెతికిపెట్టండి చూద్దాం.

అన్ని వేషాల్నీ ఒకే గాటన కట్టేయడం కూడా తప్పే. టూరిస్టుల వీధిలో కిల్ట్ చూసేవాళ్ళ కోసం. గంగిరెద్దులాయన కోటు ఎవరో ఇచ్చారు కాబట్టి. గుస్సాడీ కిరీటం వాళ్ళ దేవుడి కోసం, మన కెమెరాతో దానికి పనిలేదు. కాబట్టి గుడిరేవుకి వెళ్ళి కచేరీ రివ్యూ రాసినట్టు మార్కులు వెయ్యమనట్లేదు. అక్కడ వినడమంటే ముందు ఫోన్ దించి, అది ఎవరి కోసం మోగుతోందో తెలుసుకోవడం.

గేటు ముందు సన్నాయి సంగతి వేరు, అది మనల్ని పిలవడానికే మోగుతుంది. రేపు పండక్కి పది రూపాయలు ఇచ్చేటప్పుడు ఇంకో రెండు నిమిషాలు నిలబడండి. ఏం వాయించావన్నా, ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడగండి. బాగుంటే ఎక్కడ బాగుందో, శ్రుతి తప్పితే ఎక్కడ తప్పిందో రాయండి. జాలిపడి మెచ్చుకునేకంటే, విని తప్పు పట్టడంలోనే ఆయన్ని కళాకారుడిగా లెక్కేసినట్టు.